డిజోన్ నేలమాళిగలో వోల్నే: నా బర్గండీ సెల్లార్ డైరీ

ఏప్రిల్ 2019

ప్రాజెక్టు ఏంటో ముందే చెప్పేస్తా. ఒకే తోట, ఒకే ఏడు, ఒకే చేతి మీద తయారైన మంచి ఎర్ర బర్గండీ (ఫ్రాన్స్‌లో మేముండే డిజోన్ ఊరున్న బర్గండీ ప్రాంతపు వైన్) కొన్ని సీసాలు కొని, మా బిల్డింగ్ కింద నేలమాళిగలో పడుకోబెట్టి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే తీసి తాగుతూ అది ఎలా మారుతోందో రాసుకుంటూ పోవడం, అంతే. మా లాబ్‌లో వైన్ పిచ్చి ఉన్నవాళ్ళు చాలామంది పది ఊళ్ళవి పది సీసాలు కొంటారు, ఒక్కోటి ఒక్కసారి తాగి బాగుందనో ఇంకా పచ్చిగా ఉందనో అనుకుని వదిలేస్తారు. నాకు మాత్రం బర్గండీ సంగతి ఒక్క సీసాతో తేలదని గట్టి నమ్మకం, నాలుగో ఏట తాగినదాన్ని పదో ఏట గుర్తు కూడా పట్టలేమని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తుంటే వింటున్నా, అదేదో స్వయంగా చూడాలి కదా.

డిజోన్‌లో పాత రాతి బిల్డింగుల్లో వాటా అద్దెకి తీసుకుంటే కింద ఒక చిన్న గది కూడా వస్తది, కావ్ అంటారు. ఎక్కువమంది అందులో పాత సైకిళ్ళు, సూట్‌కేసులు పడేస్తారు. మాది కమాను కప్పు, సున్నపురాయి గోడలు, కింద కంకర నేల, వీధి వైపు అరచేయంత గాలి కన్నం. మెట్లు దిగుతుంటేనే చల్లగా తగులుతుంది, కానీ ఒంటికి చల్లగా తగిలినంత మాత్రాన సీసాలు పెట్టేయకూడదు. ముందు థర్మామీటర్, తర్వాతే వైన్. అత్యధికం, అత్యల్పం గుర్తుపెట్టుకునే డిజిటల్ మీటర్లు రెండు కొన్నా, తేమ కూడా చూపిస్తాయి, ఒకటి నేల దగ్గర, ఒకటి తల ఎత్తులో తగిలించా. ఈ వేసవి మొత్తం ఖాళీ గదినే కొలుస్తా.

జూలై 2019

పారిస్‌లో 42.6 డిగ్రీలు కొట్టింది, అక్కడ ఇప్పటిదాకా రికార్డు అది. డిజోన్‌లో కూడా మధ్యాహ్నం బయటికి వెళ్తే మన రెంటచింతల ఎండ లాగే మొహానికి కొట్టింది. ఇంట్లో ఏసీ లేదు, ఇక్కడ ఎవరింట్లోనూ పెద్దగా ఉండదు. నాకైతే ఇదే అసలు పరీక్ష అనిపించి ఆ వారం రోజూ కిందికి దిగి మీటర్ చూసా. నేల దగ్గర 15, తల ఎత్తులో 16.5. అంతకు మించి పోలేదు.

ఎర్ర బర్గండీకి 10 నుంచి 14 డిగ్రీలు మంచిదంటారు, అంటే వేసవిలో మాది కొంచెం ఎక్కువే, కానీ నాకు ఆ అంకె కన్నా అది ఎంత నెమ్మదిగా కదులుతోందన్నది ముఖ్యం. చలికాలం నుంచి ఎండాకాలానికి నెలల మీద మెల్లగా నాలుగైదు డిగ్రీలు ఎక్కి మళ్ళీ మెల్లగా దిగితే వైన్‌కి ఏం కాదు. రోజూ పగలు ఎక్కి రాత్రి దిగితేనే గొడవ, వేడికి లోపలి వైన్ ఉబ్బి బిరడాని నెడుతుంది, చల్లారగానే కుంచించుకుపోయి బిరడా పక్కనుంచి గాలిని లోపలికి లాగుతుంది, అలా రోజూ జరిగితే ఎంత గొప్ప తోటదైనా రెండు మూడేళ్ళలో చప్పబడిపోతుంది.

సెప్టెంబర్ 2019

గది పని. బిల్డింగ్ హీటింగ్ పైపు ఒకటి మా కావ్ మూలగా పోతోంది, చలికాలం అది వేడెక్కితే ఇన్నాళ్ళ లెక్కలన్నీ తారుమారు అవుతాయి, అందుకని మేనేజర్‌ని అడిగి దాని పొడుగునా పైపులకి తొడిగే ఫోమ్ తొడిగి పైన టేప్ చుట్టేసాం. గాలి కన్నాన్ని పూర్తిగా మూయలేదు, సన్న జాలీ బిగించి లోపల ఒక చెక్క పలక జారేలా పెట్టా, ఎండాకాలం పగలు మూసి రాత్రి తెరవచ్చు. బల్బు స్విచ్‌ని టైమర్‌కి మార్చారు మా ఆయన, వెలుతురు కూడా సీసాకి పడదు, ఆకుపచ్చ గాజు కొంతే ఆపగలదు.

రాక్ విషయంలో ఒక్క మాట. బర్గండీ సీసా భుజాలు ఏటవాలుగా జారి ఉంటాయి, పొట్ట బోర్డో (ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతం) సీసా కన్నా లావు. షాపులో దొరికే చాలా రాక్‌లు బోర్డో కొలతకి చేసినవి, వాటిలో మనది ఇరుక్కుని లేబుల్ చిరుగుతుంది. అందుకని రాక్ కొనకుండా మామూలు పైన్ చెక్కతో అడ్డగూళ్ళు కొట్టించుకున్నాం, ఒక్కో గూట్లో సీసాలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. తేమ 75 శాతం దగ్గర నిలబడింది, కంకర నేల పుణ్యం అది. అదే సిమెంటు నేలైతే ట్రేలో తడి ఇసుక పెట్టుకోవాల్సి వచ్చేది.

అక్టోబర్ 2019

ఏ వైన్ కొనాలి అన్నదాని మీద చాలా తిరిగా, చివరికి వోల్నే అనే ఊరిది. ఎందుకు వోల్నే అంటే కాస్త పొడుగ్గా చెప్పాలి.

డిజోన్ నుంచి దక్షిణంగా పోయే సన్నటి గుట్ట వరసే కోట్ దోర్, పైభాగం కోట్ ద నుయీ, కిందిభాగం కోట్ ద బోన్. తూర్పు మొహం చేసి ఉన్న వాలు, అడుగున జురాసిక్ కాలం నాటి సున్నపురాయి, బంకమన్ను. ఎర్ర వైన్‌కి దాదాపు అంతా పినో నువార్ అనే ద్రాక్ష ఒక్కటే. 1395 లో ఇక్కడి డ్యూక్ ఫిలిప్ గమే ద్రాక్షని పీకేయమని శాసనం వేసాడు, అప్పటినుంచీ ఈ గుట్టలకి పినోయే దొరసాని. రకం ఒక్కటే కాబట్టి తేడా అంతా నేలది. చిన్న చిన్న మడులుగా విడదీసి ఒక్కోదానికి పేరు పెట్టుకున్నారు, క్లిమా అంటారు, అలాంటివి 1247 ఉన్నాయి, 2015 లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో మెట్లున్నాయి, అన్నిటికన్నా కింద ప్రాంతం పేరుతో అమ్మేది, ఆ పైన ఊరి పేరుతో, ఆ పైన ప్రెమియే క్రూ, అన్నిటికీ పైన 33 గ్రాన్ క్రూలు. ఆ చివరి మెట్టు వైన్ మొత్తం బర్గండీలో ఒక శాతం దగ్గర్లోనే ఉంటుంది, ధర మన జీతాలకి అందదు. ఆ గ్రాన్ క్రూల్లో ఒకటైన రొమానే-కోంతీ తోట మొత్తం కలిపి 1.8 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలు, ప్రపంచమంతా దానికోసం ఎగబడుతుంటే ఏం చేస్తాం.

వోల్నేలో ఒక్క గ్రాన్ క్రూ కూడా లేదు, ప్రెమియే క్రూలు మాత్రం దాదాపు ముప్పై. అందుకే రుచికి తగ్గ ధర ఇంకా అక్కడ దొరుకుతోంది, నా అభిప్రాయంలో కోట్ ద బోన్ మొత్తంలో వాసన పరంగా దాన్ని కొట్టింది లేదు. పక్కనే ఉన్న పొమ్మార్ నేలలో బంకమన్ను ఎక్కువ, వైన్ మోటుగా, బలంగా, వగరుగా వస్తుంది. వోల్నే సున్నితం. ఇంకో చిత్రం, వోల్నే పేరుతో ఎర్ర వైన్ మాత్రమే అమ్మాలి, అటువైపు పొరుగూరు మెర్సో పొలిమేరలో ఉన్న శాంతెనో మడుల్లో ఎర్రది పండిస్తే దాన్ని వోల్నే-శాంతెనో అని అమ్ముకోవచ్చు, అదే మడిలో తెల్లది పండిస్తే మెర్సో పేరుతో పోతుంది.

బోన్ అనే ఊరికి రైల్లో వెళ్ళి అక్కడినుంచి తోటల మధ్యగా వేసిన సైకిల్ దారిలో పొమ్మార్ మీదుగా వోల్నే చేరాం. ఊరు గుట్ట మీద, తోటలు దాని కింద పరుచుకుని. కైయెరే అనే మడి దగ్గర ఆగా. కోతలు ఎప్పుడో అయిపోయాయి, ఆకులు పసుపు తిరిగాయి, నేల అంతా తెల్లటి రాళ్ళు, చెప్పు కింద కరకరమంటున్నాయి, మట్టి పైన పైన పల్చగా. వేళ్ళు కిందికి రాయి చీలికల్లోకి దిగాల్సిందే. ఆ రాళ్ళు చూసాక ఇంకో తోట వెతకబుద్ధి కాలేదు.

కొన్నవి ఇవీ: బోన్‌లో ఒక షాపులో కైయెరే ప్రెమియే క్రూ 2015 ఒక పెట్టె, దాన్ని తయారుచేసే ఇంటి వాళ్ళదే, ఊరి పేరుతో వచ్చే వోల్నే 2017 ఒక పెట్టె. 2015 ఎండలు బాగా కాసిన ఏడు, పండు బాగా పండింది, దాచుకునే సరుకు. 2017 తేలిక. 2012, 13, 14 వరసగా మూడేళ్ళు వడగళ్ళు కోట్ ద బోన్‌ని కొట్టాయి, వోల్నే, పొమ్మార్ వాళ్ళు బాగా నష్టపోయారు, 2016 లో మంచు కాల్చేసింది, 2017 ఏప్రిల్‌లో మళ్ళీ మంచు వస్తుంటే రైతులందరూ కలిసి తెల్లవారుజామున తడి గడ్డి తగలబెట్టి పొగ కమ్మించారు, ఎండ నేరుగా మంచు పట్టిన చిగుళ్ళ మీద పడకుండా. ఆ ఏడు పంట దక్కింది. అందుకే ఆ 2017 అంటే నాకు మొదటినుంచీ కొంచెం ఇష్టం ఎక్కువ.

ఫిబ్రవరి 2020

మొదటి సీసా, ఊరి వోల్నే 2017. పద్ధతి ఒకటి పెట్టుకున్నా, ప్రతిసారీ ఇలాగే చేస్తా, లేకపోతే నోట్స్ పోల్చుకోడానికి పనికిరావు. ముందురోజు సీసా నిలబెట్టడం. పొద్దున వంటింట్లోకి తేవడం. గ్లాసులో పోసేటప్పటికి 15 డిగ్రీలు ఉండాలి, మరీ చల్లగా ఉంటే వగరు పెరుగుతుంది, 18 దాటితే ఆల్కహాల్ ముక్కుకి ఎక్కి పండు వాసన వెనక్కి పోతుంది. గ్లాసు పెద్ద పొట్ట, ఇరుకు మూతి, దాంట్లో నాలుగో వంతే పోయాలి. ముందు కదపకుండా వాసన, తర్వాత తిప్పి వాసన, తర్వాత నోట్లో. ఎప్పుడూ అవే గ్లాసులు. అదే తెల్ల కాగితం వెనక పెట్టి రంగు.

రంగు పల్చటి కెంపు, కాగితం మీద అక్షరాలు కనిపిస్తాయి. ఎర్ర వైన్ అంటే నల్లగా ఉండాలనుకునేవాళ్ళు పినోని చూసి నీళ్ళు కలిపారా అంటారు, తోలు పల్చన, రంగు పదార్థం తక్కువ, ఉన్నది కూడా మిగతా ద్రాక్షల్లో ఉన్నంత నిలకడైన రకం కాదు, అది ఈ ద్రాక్ష స్వభావం. వాసన రాస్ప్‌బెర్రీ, ఎర్ర చెర్రీ, వెనక గులాబీ రేకులు. నోట్లో పులుపు ముందు, వగరు చాలా కొంచెం, నేరేడు పండు తిన్నాక నాలుక మీద చివర్లో మిగులుతుందే అంత. ఇప్పుడే తాగడానికి బాగుంది. దీన్ని ఎక్కువ ఏళ్ళు దాచక్కర్లేదు.

డిసెంబర్ 2020

ఇవాళ మొదటి కైయెరే 2015 తీసాం. మా ఆయన పుట్టినరోజు, పైగా మొన్నే రెండో లాక్‌డౌన్ ఎత్తేసారు.

వాసన లేదు. నిజంగానే, పోసి అరగంట అయినా ఏదో నల్ల చెర్రీ, కాస్త చెక్క వాసన, అంతే. నోట్లో మాత్రం బరువుంది, వగరు చిగుళ్ళని పట్టేస్తోంది, పులుపు సరిగ్గా ఉంది, అంటే ఎముకలన్నీ ఉన్నాయి కానీ నోరు విప్పట్లేదు. దీన్నే మూసుకుపోవడం అంటారు ఇక్కడ, మంచి ఎర్ర బర్గండీలు చాలావాటికి ఈ దశ వస్తుంది, కొత్తగా సీసాలో పడ్డప్పటి పండు వాసన సద్దుమణిగి, పాతబడ్డాక వచ్చే వాసనలు ఇంకా పుట్టక, మధ్యలో కొన్నేళ్ళు గుంభనంగా ఉండిపోతాయి. బిరడా చెడిన వైన్‌కీ దీనికీ తేడా తెలుసుకోవాలి, బిరడా చెడితే తడిసిన అట్టపెట్టె కంపు కొడుతుంది, గ్లాసులో ఉన్నకొద్దీ ఎక్కువవుతుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. శుభ్రంగా ఉంది, మౌనంగా ఉంది.

సగం సీసాకి బిరడా పెట్టి మర్నాటికి ఉంచాం. మర్నాడు కొద్దిగా వయొలెట్ పూల వాసన, ఒక లవంగం. ఆ కొంచెం చాలు నాకు, లోపల ఉందని తెలిసింది. నోట్‌బుక్‌లో "2024 కంటే ముందు ముట్టకు" అని రాసి గూటికి ఎర్ర దారం కట్టేసా.

ఏప్రిల్ 2021

వైన్ తియ్యలేదు కానీ ఇది రాసుకోవాలి. ఈ నెల మొదటి వారంలో వరసగా రాత్రిళ్ళు మంచు పడింది. మార్చి చివర్లో ఎండలకి చిగుళ్ళు ముందే వచ్చేసాయి, వాటిమీద మైనస్ టెంపరేచర్లు. మా లాబ్‌మేట్ వాళ్ళది బోన్ దగ్గర తోట, సాయం కావాలంటే నేను కూడా వెళ్ళా. సాళ్ళ మధ్య డబ్బాల్లో మైనపు దీపాలు, ఎకరాలకి ఎకరాలు, తెల్లవారుజామున ముట్టించుకుంటూ పోవాలి. దగ్గరికి వంగితే చిగురు మీద మంచు గుల్లలు కనిపిస్తున్నాయి, వేలితో తాకితే గాజులా విరిగింది. తెల్ల ద్రాక్ష షార్దొనే ముందు చిగురేస్తుంది కాబట్టి తెల్ల వైన్ వాళ్ళకి దెబ్బ ఎక్కువ, పినోకి కూడా బాగానే తగిలింది. ఈ ఏటి వోల్నే దొరికితే కొంటా, కొద్దిగానే ఉంటది.

జూలై 2022

మళ్ళీ వడగాడ్పులు. బయట 35 దాటేసింది, కింద నేల దగ్గర 15, పైన 16. మూడేళ్ళ కిందటి లెక్కే. ఇప్పుడు ఖాళీ గది కాదు, సీసాలున్నాయి, కాబట్టి ఈ అంకె చూస్తే కలిగే నెమ్మది వేరు. పగలు గాలి కన్నం పలక మూసా, రాత్రి పన్నెండుకి వెళ్ళి తీసా. ఎండలున్నన్ని రోజులూ అదే పని.

తేమ 82 కి పోయింది, రెండు మూడు లేబుళ్ళ అంచులు లేస్తున్నాయి. బిరడాకి తేమ మంచిదే, లేబులుకి కాదు. వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఒక్కో సీసాకి ఒక చుట్టు చుట్టా, మెడకి కాగితం చీటీ కట్టా, పేరు, ఏడు, కొన్న తేదీ పెన్సిల్‌తో. పెన్సిల్ ఎందుకంటే ఇంకు తేమకి పాకుతుంది.

నవంబర్ 2022

బోన్‌లో నవంబర్ మూడో ఆదివారం హోస్పిస్ వేలంపాట, 1443 లో నికోలా రోలాన్ కట్టించిన ధర్మాసుపత్రికి శతాబ్దాలుగా జనం రాసిచ్చిన తోటల వైన్ పీపాల లెక్కన వేలం వేస్తారు, 1859 నుంచి నడుస్తోంది. ఒక్కో పీపా 228 లీటర్లు. ఊరంతా జాతర.

కానీ నా డైరీకి అసలు సంగతి ఆ సాయంత్రం. మా కింది వాటాలో ఉండే పెద్దాయన, ఎనభై దాటాయి, వాళ్ళ కావ్ మా కావ్ పక్కదే, నా మీటర్లూ చీటీలూ చూసి ముచ్చటపడి వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. తీసింది వోల్నే ప్రెమియే క్రూ 1999. ఆ ఏడు ఎర్ర బర్గండీకి మంచి పేరు. కొన్నప్పటినుంచీ ఆ గది దాటలేదట అది. అదే గోడ, అదే కంకర. మా గది మీద ఇంతకన్నా మంచి రిపోర్టు ఏ మీటర్ ఇస్తుంది?

రేకు కోసేసరికి బిరడా పైన నల్లటి బూజు, తడిగుడ్డతో తుడిచారు. మామూలు స్క్రూ వాడలేదు, రెండు పల్చటి రేకులుండే ఓపెనర్‌ని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, మెల్లగా తిప్పుతూ లాగారు, ముక్క కాకుండా వచ్చింది. వైన్ మట్టం బిరడాకి మూడు సెంటీమీటర్ల కింద, ఆ వయసుకి అది చక్కటి మట్టం. నేను కెరాఫ్‌లో (గాజు కూజాలో) పోద్దామా అని అడిగితే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు, పాత పినో గాలికి నిమిషాల్లో అలిసిపోతుంది, నేరుగా గ్లాసుల్లోకే. మెడ కింద టార్చి పెట్టుకుని చెయ్యి వణక్కుండా పోసారు, అడుగున నల్లటి మడ్డి మెడ దాకా రావడం కనిపించగానే ఆపేసారు. ఆ మడ్డి ఏంటంటే వగరు పదార్థాలూ రంగు పదార్థాలూ ఏళ్ళ మీద ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగిపోతాయి, అందుకే పైన మిగిలిన వైన్ రంగు తగ్గి, వగరు తగ్గి మెత్తబడుతుంది.

అంచు ఇటుక రంగు. మొదటి రెండు నిమిషాలు మూసిపెట్టిన గది వాసన, నాకు భయం వేసింది, ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత వచ్చింది. వాన వెలిసాక అడవిలో తడి ఆకులు, పుట్టగొడుగు, తోలు, ఎండిన గులాబీ, వీటన్నిటి అడుగునుంచి ఇంకా బతికున్న ఎర్ర చెర్రీ. నోట్లో బరువే లేదు, కానీ మింగాక ఎంతసేపటికీ పోలేదు. ముప్పావు గంట దగ్గర అత్యున్నతం, ఆ తర్వాత మెల్లగా దిగింది. నేను తాగిన అన్నిటిలోనూ ఇదే గొప్పది, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మార్చి 2023

తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చాడు, "అక్కా, నాకు కూడా ఒక పెట్టె పంపించు, నేనూ దాస్తా" అన్నాడు. పెట్టె పంపితే మన దగ్గర దిగుమతి సుంకమే 150 శాతం, చేత్తో పట్టుకెళ్తే మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా, అంటే రెండు సీసాలు, అది వేరే సంగతి. ముందు దాచే చోటు ఏదిరా అని అడిగా. మే నెలలో హైదరాబాద్ ఫ్లాట్‌లో అల్మరాలో పెడితే, పగలు ఏసీ లేనప్పుడు 38, రాత్రి ఏసీకి 24, పైన రాసానే బిరడా ఊపిరి సంగతి, సరిగ్గా అదే. వంటింటి ఫ్రిజ్ కూడా కాదు, అది మరీ చల్లన, మరీ పొడి, కంప్రెసర్ అదురు. వైన్‌కని చేసిన చిన్న ఫ్రిజ్ 12, 13 డిగ్రీల మీద పెట్టి దానికి ఇన్వర్టర్ కనెక్షన్ ఇస్తేనే మాట్లాడు అన్నా. లేదంటే కొన్న నెలలోపు తాగేయడం ఉత్తమం.

వాడున్నప్పుడే ఊరి 2017 చివరి సీసాల్లో ఒకటి తీసి మన వంటతో చూసాం, ఇది నాకు చాలాకాలంగా ఉన్న కోరిక. గోంగూర మాంసం దీన్ని పూర్తిగా చంపేసింది, గోంగూర పులుపు ముందు వైన్ పులుపు ఆగలేదు, చప్పటి నీళ్ళయిపోయింది. పచ్చిమిర్చి కారం కూడా పడదు, ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది. కానీ నేతిలో పుట్టగొడుగులు మిరియాలతో వేపితే, అబ్బ, రెండూ ఒకదాన్నొకటి పైకి లేపాయి. కోడి వేపుడు కారం తగ్గించి, ధనియాలు, కొంచెం కొబ్బరితో చేస్తే అదీ బాగా కుదిరింది. తమ్ముడు మాత్రం గోంగూరకే ఓటేసి వైన్ పక్కన పెట్టేసాడు.

వైన్ సంగతి: రాస్ప్‌బెర్రీ కొంచెం ఎండిన రకంగా మారింది, తడిమట్టి మొదలైంది, వగరు దాదాపు లేదు. ఊరి స్థాయి 2017 కి ఇదే సరైన కాలం. మిగిలినవి ఈ రెండేళ్ళలో తాగేయాలి, ఇంకా దాస్తే దిగుతుందే కానీ ఎక్కదు.

జనవరి 2025

ఎర్ర దారం విప్పాం. కైయెరే 2015, సరిగ్గా అదే పద్ధతి, అదే గ్లాసులు, అదే 15 డిగ్రీలు. పాత నోట్ చదవకుండా ముందు కొత్తది రాయాలని పెట్టుకున్నా, అలాగే రాసా.

పోస్తుంటేనే వాసన వచ్చింది, గ్లాసు ముక్కు దాకా ఎత్తకుండానే. నల్ల చెర్రీ, వయొలెట్, నారింజ తొక్క, కొంచెం లవంగం, వెనకాల ఎక్కడో పెద్దాయన గారి సీసాలో చూసిన ఆ అడవి ఆకుల మొదటి ఛాయ. రంగు ఇంకా గట్టిగానే ఉంది, అంచులో మాత్రం ఎరుపు లేతబడి నారింజ మొదలైంది. వగరు ఉంది కానీ చిగుళ్ళని పట్టట్లేదు, నాలుక మీద సన్నటి పొడిలా పరుచుకుంటోంది. తర్వాత పాత పేజీ తీసి పక్కన పెట్టి చదివా, "వాసన లేదు" అని రాసి ఉంది. అదే పెట్టె, అదే గూడు, పక్కపక్కన పడుకున్న రెండు సీసాలు. నా వాదనకి నాకు కావాల్సిన సాక్ష్యం ఇదే, వేరువేరు సీసాలు ఎన్ని కొన్నా ఈ రెండు పేజీలూ నాకు దొరికేవి కావు.

మూడు గంటలపాటు తాగాం, చివరి గ్లాసే మొదటిదానికన్నా బాగుంది. అంటే ఇది ఇంకా పైకే పోతోంది, దిగడం మొదలైన వైన్‌లో చివరి గ్లాసు అలా ఉండదు. పెద్దాయనకి ఒక గ్లాసు కిందికి తీసుకెళ్ళి ఇచ్చా, వాసన చూసి ఇంకో పదేళ్ళు అన్నారు. నేనైతే అంతదాకా అన్నీ ఆపను. ఒకటి 2028 లో, ఇంకోటి 2031 లో, మిగిలింది 2035 తర్వాత, చీటీల మీద అలాగే రాసి కట్టేసా. ఊరి 2017 అయిపోయింది, ఆ గూట్లో 2021 వోల్నే పెట్టా, ఆ మంచు ఏడాదిది, పల్చగా, పుల్లగా, మంచి వాసనతో ఉంది, అది 2027 లోపు తాగేసేదే. ఫోమ్ ఒకచోట ఊడింది, వచ్చే శనివారం కొత్త టేప్ వెయ్యాలి. మీటర్ బ్యాటరీలు కూడా మార్చాలి.